పరుపు మోసిన నలుగురు



తెల్లవారుజామునే లేచి గొడ్లకు మేత వేస్తున్న ఇంటి పెద్ద ఉన్నట్టుండి తల పట్టుకుని కూలబడతాడు. "తల పగిలిపోతోందే" అంటాడు. భళ్లున వాంతి చేసుకుంటాడు. మూతి ఒక పక్కకు లాగుతుంది. మాట ముద్దగా వస్తుంది. కుడి చెయ్యి ఎత్తమంటే ఎత్తలేడు.

ఇంట్లో అందరూ కంగారుపడతారు. ఒకరు పైత్యమని నిమ్మరసం తాగించబోతారు. ఒకరు గాలి సోకిందంటారు. పక్కింటి పెద్దాయన పావురం రక్తంతో మర్దనా చేస్తే తగ్గుతుందంటాడు. ఇంకొకరు పాస్టరు గారికి కబురు పంపుతారు. "కాసేపు పడుకోనివ్వండి, ఆయనే లేస్తాడు" అని మరొకరు సర్దిచెబుతారు. ఎండెక్కాక ఎవరో ఆటో మాట్లాడతారు. పెద్దాసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట వైపు పల్లెలలో ఇలాంటి సంగతి ఎరగని సంఘం అరుదు. అలా తీసుకువెళ్లినవారు తిరిగి వచ్చి, "మెదడులో నరం చిట్లిందట" అని చెబుతారు. ఆ మాటకు అర్థమేమిటో, ఆ ఉదయం మన చేతిలో ఏముందో తెలుసుకోవడానికే ఈ వ్యాసం.

మార్కు సువార్త రెండవ అధ్యాయంలో కపెర్నహూములోని ఒక ఇంటి సంగతి మనకు కంఠస్థమే. పక్షవాయువు గల ఒక మనుష్యుని నలుగురు మోసుకువచ్చారు. వాకిలి దగ్గర జనం కిక్కిరిసి ఉంటే పైకప్పు విప్పి, పరుపుతో సహా ప్రభువు ఎదుటికి దింపారు. ఆ మనిషికి పక్షవాయువు ఎందువలన వచ్చిందో సువార్తికుడు రాయలేదు. ఆ నలుగురి పేర్లూ రాయలేదు. వారు చేసిన పని మాత్రం రాశాడు. మన వాడుకలో "ఆ నలుగురు" అంటే పాడె మోసేవారు. సువార్తలోని నలుగురు మాత్రం మనిషిని బ్రతుకు వైపు మోశారు. పక్షవాతం వచ్చిన ఇంటికి కావలసింది అటువంటి నలుగురు.

మెదడులో ఏమి జరుగుతుంది?

పక్షవాతం రెండు విధాలు. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తం అందకపోవడం మొదటిది. ఎక్కువమందికి వచ్చేది ఇదే. రక్తనాళం చిట్లి మెదడులోకి రక్తం కారడం రెండవది. ఇది తక్కువమందికే వస్తుంది గాని ఎక్కువ ప్రమాదకరం. ఈ జబ్బు వచ్చినవారిలో నూటికి సుమారు 40 మంది నెల తిరగకుండానే చనిపోతున్నారని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి.

"నరం చిట్లింది" అని మనం వాడుకగా అంటాం గాని చిట్లేది నరం కాదు, రక్తనాళం. పుర్రె గట్టి ఎముకల పెట్టె వంటిది. అందులో మెదడుకు సరిపడా చోటే తప్ప అదనపు చోటు ఉండదు. కారిన రక్తం అక్కడ గూడుకట్టి చుట్టూ ఉన్న మెదడును నొక్కుతుంది. చాలామందిలో మొదటి కొన్ని గంటలలో ఆ రక్తపు ముద్ద ఇంకా పెరుగుతుంది. అందుకే ఉదయం కాస్త మాట్లాడిన మనిషి మధ్యాహ్నానికి స్పృహ తప్పుతాడు. "కాసేపు చూద్దాం" అని మనం కూర్చున్న ఆ కాసేపే లోపల నష్టం జరిగే సమయం.

దీనిలో మరొక రకం ఉంది. మెదడు అడుగుభాగాన ఉండే రక్తనాళపు గోడ ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బుతుంది. ఆ బుడగ పగిలితే మెదడును కప్పిన పొరల మధ్యకు రక్తం చేరుతుంది. అటువంటివారికి చేయి, కాలు పడిపోకపోవచ్చు. బ్రతుకులో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్క క్షణంలో వస్తుంది, మెడ బిగుసుకుంటుంది.

ఎందుకు చిట్లుతుంది?

ముఖ్య కారణం అధిక రక్తపోటు. మనం బీపీ అంటున్నది అదే. పొలానికి నీళ్లు పారే రబ్బరు గొట్టంలో ఏళ్ల తరబడి ఒత్తిడి ఎక్కువైతే ఏదో ఒక రోజు పలచబడిన చోట పగులుతుంది. మెదడు లోతున ఉండే వెంట్రుకంత సన్నని రక్తనాళాలూ అంతే. పగిలేది ఒక్క క్షణంలో, కాని గోడ పాడవడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ కాలమంతా మనిషికి ఏ బాధా తెలియకపోవచ్చు. ప్రపంచంలో బీపీ ఉన్న పెద్దలలో దాదాపు సగం మందికి తమకు అది ఉన్నదనే తెలియదు.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంగతి చూడండి. 1944 మార్చిలో వైద్యుడు పరీక్షించినప్పుడు ఆయన బీపీ 186/108 ఉంది. మరుసటి ఏడు, 1945 ఏప్రిల్ 12న జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో ఆయన కూర్చుని ఉండగా చిత్రకారిణి ఆయన బొమ్మ గీస్తోంది. ఉన్నట్టుండి తల వెనుక విపరీతమైన నొప్పి అని చెప్పి ఆయన స్పృహ తప్పాడు. అప్పుడు పై అంకె 300కు చేరింది. సుమారు రెండున్నర గంటలలో మెదడులో రక్తస్రావంతో కన్నుమూశాడు. ఆయనకు 63 ఏళ్లు. యుద్ధంలో లోకాన్ని కదిలించిన ఆ మనిషికి బీపీని సరిగా తగ్గించే మాత్ర ఆనాడు లేదు. రోజూ సులువుగా మింగగలిగే మంచి బీపీ మాత్రలు 1958 తర్వాతనే వాడుకలోకి వచ్చాయి.

ఆ అధ్యక్షునికి దొరకని మాత్ర నేడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తున్నారు. దానిని తెచ్చుకుని గూట్లో పెట్టి, "తల తిరగడం తగ్గిందిగా, ఇంకెందుకు" అని మానేసేవారు మన ఇళ్లలో ఎంతమంది! బీపీ మాత్ర జ్వరం మాత్ర వంటిది కాదు. అంకె సరిగా ఉందంటే మాత్ర పనిచేస్తున్నదని అర్థం, జబ్బు పోయిందని కాదు. పై అంకె 10 తగ్గితే పక్షవాతం ముప్పు దాదాపు పావు వంతు తగ్గుతుందని పెద్ద పరిశోధనలలో తేలింది.

బీపీతో పాటు సారా, బ్రాందీ, చుట్ట, బీడీ, ఖైనీ కూడా రక్తనాళాలకు శత్రువులే. గుండె జబ్బుకు రక్తం పలచబరిచే మందులు వాడేవారు పరీక్షలు చేయించుకోకుండా మోతాదు మార్చరాదు. కూలి పనికి వెళ్లి వచ్చి రోజూ ఒళ్లు నొప్పుల మాత్రలు మింగేవారు కూడా జాగ్రత్తపడాలి. అవి బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. మన ప్రాంతంలోనే ఎ.కొండూరు మండలపు తండాలలో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. కిడ్నీ చెడితే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే కిడ్నీ మరింత చెడుతుంది. అటువంటి ఇళ్లలో బీపీ చూపించుకోవడం మరీ అవసరం.

మొదటి మనిషి: గుర్తుపట్టేవాడు

పరుపు పట్టే మొదటి చెయ్యి ఇంట్లోవారిదే. ఈ గుర్తులు ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

నవ్వమని చెప్పండి. మూతి ఒక పక్కకు పోతున్నదా? రెండు చేతులూ ముందుకు చాపమనండి. ఒక చెయ్యి కిందికి జారిపోతున్నదా? పేరు చెప్పమనండి. మాట తడబడుతున్నదా, అసలు రావడం లేదా? నడకలో తూలుతున్నాడా? చూపు ఒక్కసారిగా మందగించిందా? వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా పక్షవాతమని అనుమానించాలి. వీటికి తోడు భరించలేని తలనొప్పి, వాంతులు, మగత, ఫిట్స్ వస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు. కాని అది గడ్డ వలన వచ్చిందా, రక్తం కారడం వలన వచ్చిందా అన్నది పైకి చూసి ఎంత అనుభవం గలవారైనా తేల్చలేరు. స్కానింగ్ ఒక్కటే తేల్చగలదు.

గుర్తులు పది నిమిషాలలో వాటంతట అవే పోయినా ఊరుకోవద్దు. రాబోయే పెద్ద ప్రమాదానికి అది హెచ్చరిక కావచ్చు.

రెండవ మనిషి: ఆలస్యం చేయనివాడు

వెంటనే 108కు ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఈ సేవకు డబ్బు కట్టనక్కరలేదు. బండి వచ్చేలోగా చేయవలసినవి, చేయరానివి ఇవి.

రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా ఊపిరి గొట్టంలోకి పోదు. బిగుతు బట్టలు వదులు చేయండి. నోట్లో నీళ్లుగాని, కాఫీగాని, మందుగాని పోయవద్దు. మింగే శక్తి పోయి ఉంటే అది ఊపిరితిత్తులలోకి దిగుతుంది. ఆస్పిరిన్ ఇవ్వవద్దు. లోపల రక్తం కారుతుంటే దానివలన ఇంకా కారుతుంది. బీపీ ఎక్కువగా ఉందని నాలుక కింద మాత్ర పెట్టించవద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోవడం కూడా ప్రమాదమే. మర్దనాలు, పసర్లు, పావురం రక్తం వీటితో ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు. పుర్రె లోపల కారుతున్న రక్తాన్ని చర్మం మీది పూత ఆపలేదు.

మనిషి బాగా ఉండగా చివరిసారి ఎన్ని గంటలకు చూశారో గుర్తుపెట్టుకోండి. వాడే మాత్రల సంచి, పాత చీటీలు, ఆధార్, రేషన్ కార్డులు వెంట తీసుకువెళ్లండి.

మైలవరం నుండి విజయవాడ సుమారు 40 కిలోమీటర్లు. నందిగామ నుండి దాదాపు 50, జగ్గయ్యపేట నుండి ఇంకా ఎక్కువ. అందువలన స్కానింగ్ లేని చోట సెలైన్ ఎక్కించుకుంటూ పూట గడపడం కంటే, సీటీ స్కాను, మెదడు వైద్యులు ఉన్న పెద్దాసుపత్రికే నేరుగా వెళ్లడం మేలు. 108 సిబ్బందికి "పక్షవాతం అనుకుంటున్నాం" అని స్పష్టంగా చెప్పండి. ఖర్చు గురించి భయపడి ఆగిపోవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలుస్తున్న పథకం కింద ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

మూడవ మనిషి: వైద్యుడు

ముందుగా సీటీ స్కాను తీస్తారు. 1971 అక్టోబరులో లండనులో మొదటిసారిగా ఒక రోగి తలను ఈ యంత్రంతో చూశారు. అంతకుముందు పుర్రె తెరవకుండా లోపలి రక్తాన్ని ఇంత స్పష్టంగా చూసే మార్గం లేదు. ఇప్పుడు కొద్ది నిమిషాలలో తేలిపోతుంది. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటలలోపు ఇస్తారు. రక్తస్రావమైతే ఆ ఇంజక్షనే ప్రాణం తీస్తుంది. స్కాను చూడకుండా వైద్యులు ఆ ఇంజక్షను ఎందుకు ఇవ్వరో దీనిని బట్టి అర్థమవుతుంది.

రక్తస్రావమని తేలితే బీపీని ఇంజక్షన్లతో జాగ్రత్తగా పై అంకె 140 ప్రాంతానికి దించుతారు. రక్తం పలచబరిచే మందు వాడుతుంటే దాని ప్రభావాన్ని విరిచే మందు ఇస్తారు. షుగరు, జ్వరం అదుపులో ఉంచుతారు. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం మన దేశంతో సహా 10 దేశాలలో 7,000 మందికి పైగా రోగుల మీద జరిగింది. ఈ నాలుగు పనులూ తొలి గంటలలోనే కలిపి చేస్తే రోగులు మెరుగుగా కోలుకున్నారని అందులో తేలింది. త్వరగా చేర్చడం ఎందుకు అవసరమో దీనినిబట్టి తెలుస్తుంది.

ఆపరేషను అందరికీ అక్కరలేదు. వెనుక ఉండే చిన్న మెదడులో పెద్ద ముద్ద కట్టినప్పుడు, మెదడు లోపలి నీటి గదులలో నీరు నిలిచిపోయినప్పుడు, ఒత్తిడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేస్తారు. ఉబ్బిన రక్తనాళం పగిలితే దాని మెడకు క్లిప్పు వేస్తారు, లేదా తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి లోపల తీగచుట్ట నింపి మూసివేస్తారు.

మొదటిరోజు రోగిని చూసి, "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోదాం" అని బంధువులు తొందరపడకూడదు. తొలి ఒకటి రెండు రోజులలో చివరి ఫలితం తేల్చి చెప్పడం కష్టం. అలాగని అన్నీ చేసినా కొందరిని దక్కించుకోలేము. అది ఆ కుటుంబపు విశ్వాసలోపం కాదు. దుఃఖంలో ఉన్నవారితో ఆ మాట ఎన్నడూ అనవద్దు.

నాలుగవ మనిషి: ఇంటి దగ్గర మోసేవారు

ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చాక అసలు మోత మొదలవుతుంది. తరచుగా ఆ బరువంతా ఒక్క ఇల్లాలి మీదనో, ఒక్క కోడలి మీదనో పడుతుంది.

కోలుకోవడం మొదటి మూడు నెలలలో వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదించినా ఆగిపోదు. ఫిజియోథెరపీ అంటే చనిపోయిన కణాలను లేపడం కాదు, మిగిలిన మెదడుకు పాత పని కొత్తగా నేర్పడం. అందుకే నెలకొకసారి గంటసేపు చేయించడం కంటే రోజూ కొద్దికొద్దిగా పలుసార్లు చేయడం మేలు.

మంచం మీద ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్క మార్చండి, లేకపోతే పుండ్లు పడతాయి. పడిపోయిన చేతిని పట్టి లేపవద్దు, భుజం జారుతుంది. కూర్చోబెట్టి, మెత్తని ఆహారం కొద్దికొద్దిగా పెట్టండి. తాగేటప్పుడు దగ్గు వస్తే ఆపి వైద్యునికి చెప్పండి. ప్రభురాత్రి భోజనం ఇంటికి తెచ్చే కాపరులు కూడా ముందు ఒక్క మాట అడగండి: "మింగగలుగుతున్నారా?" పలచని ద్రాక్షరసమే వారికి ఎక్కువగా పొలమారుతుంది.

ఊరికే ఏడవడం, చిరాకుపడటం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కూడా జబ్బులో భాగమే. దిగులుకు మందు ఉంది. "మొండికేశాడు" అని కసురుకోవద్దు.

మాట పోయిన కొందరిలో ఒక వింత కనిపిస్తుంది. తన పేరు చెప్పలేని మనిషి చిన్ననాటి నుండి పాడిన కీర్తన ఎత్తుకోగానే మాటలతో సహా పాడగలుగుతాడు. మాటకు, పాటకు మెదడు వేర్వేరు దారులను కూడా వాడుకుంటుంది. దీనిని ఆధారం చేసుకుని మాట నేర్పే పద్ధతి కూడా ఉంది. కనుక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆయన మంచం పక్కనే కూర్చుని, ఆయనకు బాగా వచ్చిన కీర్తన నెమ్మదిగా పాడండి. తప్పులు దిద్దవద్దు. ఆయనను కలవనివ్వండి.

మాత్ర మింగితే విశ్వాసం తక్కువా?

ఈ ప్రశ్న మన సంఘాలలో పైకి అడగరు గాని లోపల చాలామందిలో ఉంది. ప్రార్థన చేయించుకున్నాక మాత్రలు మానేసినవారు ఉన్నారు. హిజ్కియా మరణకరమైన రోగంలో ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అదే సందర్భంలో ప్రవక్త యెషయా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షరసం పోసి కట్టి, పూటకూళ్లవానికి డబ్బు కూడా ఇచ్చాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ప్రార్థనకు, మందుకు తగవు పెట్టింది లేఖనం కాదు, మనమే. ఒక చేత్తో ఫోను చేస్తూ మనసులో ప్రార్థించవచ్చు. ప్రభువు రెండూ ఎరుగును.

శ్రమదినాలలో, ఉపవాస ప్రార్థనలలో బీపీ మాత్ర మానవద్దు. ఉపవాసం ఆహారం నుండే గాని మందు నుండి కాదు. షుగరు ఉన్నవారు, పక్షవాతం వచ్చి తగ్గినవారు వైద్యుని అడగకుండా ఉపవాసం ఉండవద్దు. ఒకసారి మెదడులో రక్తస్రావం జరిగినవారు బీపీని సాధారణంగా 130/80 లోపు ఉంచుకోవాలని వైద్యులు చెబుతారు.

సంఘం చేయగల చిన్న పని

నెలకొక ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో ఒక బల్ల, ఒక బీపీ మిషను పెట్టండి. ఊరి ఏఎన్ఎం గారిని, ఆశా కార్యకర్తను పిలవండి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారూ చేయి చాపి అంకె రాయించుకోవాలి. రెండు మూడుసార్లు చూసినా 140/90 లేక అంతకంటే ఎక్కువ ఉంటే వైద్యునికి చూపించాలి. స్త్రీల సమాజంవారు ప్రేమవిందు వండేటప్పుడు ఉప్పు తగ్గించి చూపండి. రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆవకాయ, అప్పడం, ఎండుచేప, మజ్జిగ మిరపకాయ ఒకే విస్తట్లో చేరితే ఆ చెంచా ఎప్పుడో దాటిపోతుంది. యవ్వనస్థులు సంఘంలో ఎవరికి పక్షవాతం వచ్చిందో తెలుసుకుని, వారానికి రెండు రోజులు వెళ్లి నడిపించండి. ఆ ఇల్లాలు ఆ గంటసేపు నిద్రపోతుంది.

కపెర్నహూములో ప్రభువు ఆ నలుగురి విశ్వాసము చూచెనని మార్కు రాశాడు. వారి చేతుల్లోని పరుపును బట్టి, విప్పిన పైకప్పును బట్టి ఆ విశ్వాసం కంటికి కనిపించింది. మన విశ్వాసం కూడా ఆ విధంగా కనబడాలి. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, అమ్మను, నాన్నను ఒక్క మాట అడగండి: "ఈ రోజు మాత్ర వేసుకున్నారా?"

ప్రభువు మీ ఇంటిని, మీ ఇంటి పెద్దలను కాపాడును గాక. ఆమేన్.